ఫోల్డర్‌కి తాళం వేస్తే సరిపోదు

ఆడిట్ నుంచి వచ్చే మెయిల్ ఎప్పుడూ ఒక్క లైనే. "జాబ్ షెడ్యూలర్‌లో యూజర్ల పర్మిషన్లు డిపార్ట్‌మెంట్‌వారీగా విడగొట్టాలి." కింద గడువు తేదీ. జాబ్ షెడ్యూలర్ అంటే సర్వర్ల మీద దానంతటదే నడిచే పనుల్ని (జాబుల్ని) వేళకి, వరసలో నడిపించే సాఫ్ట్‌వేర్. ఆ లైను రాసినవాళ్ళు యూజర్ల లిస్టు తెరిచి ఉంటారు, అందరికీ ఒకే రోల్ (హక్కుల మూట) ఉండటం చూసి ఉలిక్కిపడి ఉంటారు. న్యాయమే. కానీ ఆ లైను పట్టుకుని నేరుగా టూల్‌లోకి వెళ్ళి జాబులు పెట్టే ఫోల్డర్లకి తాళాలు వేసేస్తే పని అయిపోయినట్టు కనిపిస్తుంది గానీ, అవదు. బ్యాచ్ టీములకి కొత్తగా లీడ్ అయినవాళ్ళు కొందరు ఈ మధ్య, మరి సరిగ్గా ఎలా చేయాలని అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ రాసిపెడితే లింక్ పంపేయొచ్చు కదా అని కూర్చున్నాను.

నేను హైదరాబాద్‌లో బ్యాచ్ ఆపరేషన్స్ చూస్తాను. క్లయింట్ యూరప్‌లో సూపర్‌మార్కెట్లు నడిపే కంపెనీ, పేరు అనవసరం. షెడ్యూలర్ కంట్రోల్-ఎం. వాళ్ళకి అర్ధరాత్రి 12 అయితే మాకు తెల్లవారుజాము 4:30. వేసవిలో వాళ్ళు గడియారం గంట ముందుకి జరుపుకుంటారు కాబట్టి 3:30. ఆ వేళకి దుకాణాల అమ్మకాల ఫైళ్ళు వచ్చి పడతాయి. ఫైనాన్స్ జాబులు వాటిని లెడ్జర్‌కి ఎక్కిస్తాయి. సప్లై చైన్ జాబులు ఏ దుకాణానికి ఎన్ని పాల ప్యాకెట్లు పంపాలో లెక్కకడతాయి. గోడౌన్ జాబులు పికింగ్ లిస్టులు (అరల్లోంచి ఏ సరుకు తీయాలో చెప్పేవి) తీస్తాయి. నెలాఖరున హెచ్‌ఆర్ జాబులు జీతాలు వేస్తాయి. మొత్తం వేల జాబులు, ఒకటి అయితేనే ఇంకొకటి. అక్కడ తెల్లారి లారీలు బయల్దేరేలోపు అన్నీ పూర్తవ్వాలి.

చిన్న సెటప్‌లలో ఈ తలనొప్పి ఉండదు. లినక్స్‌లో ఉండే చిన్న షెడ్యూలర్ క్రాన్‌నే తీసుకోండి. క్రాన్ డాట్ అలో, క్రాన్ డాట్ డినై అని రెండు ఫైళ్ళు. అందులో నీ పేరు ఉందా లేదా, అంతే. ఎవరి క్రాన్‌ట్యాబ్ (జాబుల పట్టిక) వాళ్ళది, ఎవరి జాబు వాళ్ళ పేరు మీదే నడుస్తుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. అందరి జాబుల్నీ ఒకచోటికి తెచ్చి, ఒకదానికొకటి ముడిపెట్టి, ఏ జాబునైనా ఏ అకౌంట్ పేరు మీదైనా నడిపించగలిగే షెడ్యూలర్ వచ్చాకే అసలు గొడవ మొదలవుతుంది.

డిపార్ట్‌మెంట్‌వారీగా అనగానే ఎవరికైనా ముందు తట్టేది ఫోల్డర్ పేరు. కంట్రోల్-ఎంలో ఒక రోల్‌కి ఫోల్డర్ పర్మిషన్ ఇచ్చేటప్పుడు పేరులో స్టార్ పెట్టొచ్చు. ఎఫ్, ఐ, ఎన్ రాసి స్టార్ పెడితే ఆ అక్షరాలతో మొదలయ్యే ఫోల్డర్లన్నీ ఆ రోల్ కిందికి వస్తాయి. దానికి బ్రౌజ్ (చూడటం), అప్‌డేట్ (మార్చడం), ఫుల్ (అన్నీ) అని స్థాయిలు. ఐదు నిమిషాల పని. నేను ఈ టీమ్‌కి వచ్చేసరికే ఫైనాన్స్‌కి ఇలా ఒక రోల్ ఉంది. ఇక్కడ ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. ఈ కంపెనీకి ఫిన్లాండ్‌లో కూడా దుకాణాలున్నాయి. ఆ దేశం ఫోల్డర్లూ అవే అక్షరాలతో మొదలవుతాయి. అంటే లెడ్జర్ చూసుకునే ఫైనాన్స్ వాళ్ళకి ఫిన్లాండ్ దుకాణాల ధరల జాబులు మార్చే హక్కు ఏళ్ళ తరబడి ఉంది. పాపం, వాళ్ళకే తెలీదు. తెలిస్తే భయపడేవాళ్ళు.

అందుకని పర్మిషన్ల కంటే ముందు పేర్లు సరిచేసుకోవాలి. ఫోల్డర్ పేరులో మొదటి ముక్క దేనికి, రెండోది దేనికి, మధ్యలో అండర్‌స్కోర్ తప్పనిసరా కాదా అన్నది రాసుకోవాలి. స్టార్ ఎప్పుడూ అండర్‌స్కోర్ తర్వాతే రావాలి. రాసుకుని వదిలేస్తే ఎవరూ పాటించరు. కంట్రోల్-ఎంలో సైట్ స్టాండర్డ్స్ అని ఉంది, పేరు రూల్ ప్రకారం లేకపోతే జాబు డెఫినిషన్‌ని ఆపేసేలా పెట్టుకోవచ్చు. మేం దాన్ని మొదట్లో హెచ్చరిక మాత్రమే ఇచ్చేలా పెట్టాం, తర్వాత కఠినం చేశాం. మొదటిరోజే కఠినంగా పెడితే ఆరోజు సాయంత్రానికి మినహాయింపులు అడిగే మెయిళ్ళతో ఇన్‌బాక్స్ నిండిపోతుంది.

ఫోల్డర్ పేరులో డిపార్ట్‌మెంట్ పేరే పెట్టకండి, అది ఇంకో మాట. డిపార్ట్‌మెంట్లు ఏటా మారతాయి. మా క్లయింట్ దగ్గర లాజిస్టిక్స్ వెళ్ళి సప్లై చైన్‌లో కలిసింది, మరుసటేడు సగం విడిపోయి ఇంకో పెద్దాయన కిందికి పోయింది. ఆర్గ్ చార్ట్ గీసేవాళ్ళకి అది ఒక బాణం గుర్తు. మాకు ఫోల్డర్ పేరు మారితే దాన్ని పిలిచే స్క్రిప్టులు, రిపోర్టులు, అలర్ట్ రూల్స్ అన్నీ కదులుతాయి. అందుకే జాబుకి అప్లికేషన్, సబ్-అప్లికేషన్ అని ఉండే ఫీల్డుల్లో వ్యాపారపు పని పేరు పెట్టాలి. జనరల్ లెడ్జర్, సప్లయర్ పేమెంట్స్, రీప్లెనిష్‌మెంట్ (దుకాణాలకి సరుకు నింపడం), పేరోల్ లాంటివి. ఏ డిపార్ట్‌మెంట్ కిందికి పోయినా పేరోల్ పేరోలే. ఏ డిపార్ట్‌మెంట్‌కి ఏ అప్లికేషన్ అన్న లెక్క రోల్ దగ్గర పెట్టుకుంటే, ఆర్గ్ చార్ట్ మారినప్పుడు రోల్ ఒక్కటీ మారిస్తే చాలు.

రోల్ అనే ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీకి చెందిన డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కూన్ 1992లోనే దీని మీద పేపర్ రాశారు, 2004లో అది ఏఎన్‌ఎస్‌ఐ (అమెరికా జాతీయ) ప్రమాణం అయింది. హక్కు మనిషికి కాదు, మనిషి చేసే పనికి ఇవ్వాలన్నది దాని సారం. మన ఆడిట్ మెయిల్ మాత్రం డిపార్ట్‌మెంట్‌నే రోల్ అనుకుంటుంది. ఒక్క ఫైనాన్స్‌లోనే చూడండి. జాబు అయిందా లేదా అని చూసుకునే అకౌంటెంట్లు ఒక రకం. పేమెంట్ ఫైల్ బ్యాంకుకి వెళ్ళేముందు సరే అనాల్సినవాళ్ళు ఇంకో రకం. జాబులు రాసే డెవలపర్లు మూడో రకం. ముగ్గురిదీ ఒకటే డిపార్ట్‌మెంట్, ముగ్గురి ఐడీ కార్డు మీదా అదే పేరు. ముగ్గురికీ ఒకటే పర్మిషన్ ఇస్తే జాబు రాసినవాడే సరే అనేస్తాడు. బ్యాంకుల్లో పనిచేసినవాళ్ళకి మేకర్-చెకర్ (చేసేవాడు ఒకడు, సరిచూసేవాడు ఇంకొకడు) గురించి నేను చెప్పక్కర్లేదు.

ఇక చూసే హక్కు. ఈ విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. జాబుల్ని చూసే హక్కు అందరికీ ఇచ్చేయండి. ఫైనాన్స్ ఫోల్డర్ గోడౌన్ వాళ్ళకి కనపడకూడదని ఆడిట్ అంటే, ఎందుకు అని అడగండి. పొద్దున్నే గోడౌన్ మేనేజర్ తన పికింగ్ లిస్టు జాబు ఆగి ఉందని చూస్తాడు. ఎందుకు ఆగిందో తెలియాలంటే ముందున్న జాబు కనపడాలి. అది రీప్లెనిష్‌మెంట్‌ది. దానికి ముందుది ఫైనాన్స్ ధరల జాబు. ఆ రెండూ కనపడకపోతే అతను చేసేది ఒక్కటే, మాకు ఫోన్. మేం చూసి చెబుతాం. పది నిమిషాలకి మళ్ళీ ఫోన్. అదే బ్రౌజ్ ఉంటే, ఓహో ఫైనాన్స్ జాబు ఇంకా నడుస్తోంది, మామూలుగా పట్టే టైమ్ కంటే కాస్త ఎక్కువైంది అని తనే చూసుకుని టీ తాగి వస్తాడు. బ్రౌజ్ మూసేసిన వారం మా డెస్క్‌కి కాల్స్ పెరిగాయి, తెరిచాక తగ్గాయి. ఆ మాట చెప్పే ఒప్పించాను.

అయితే జాబుని చూడటం వేరు, దాని అవుట్‌పుట్ చూడటం వేరు. ఈ రెంటినీ కలిపి ఇచ్చేవాళ్ళే ఎక్కువ. లాగ్ అంటే షెడ్యూలర్ రాసుకునేది. జాబు ఎన్నింటికి మొదలైంది, ఏ కండిషన్ (ముందు జాబు అయిందన్న గుర్తు) కోసం ఆగింది, ఏ కోడ్‌తో ముగిసింది. అవుట్‌పుట్ అంటే స్క్రిప్టు తెర మీద కక్కేదంతా. పేరోల్ స్క్రిప్టు ఒకదాంట్లో ఎవరో డెవలపర్ ఎప్పుడో డీబగ్ కోసం పెట్టిన ప్రింట్ లైను అలాగే ఉండిపోయింది. ఉద్యోగి నంబరు, పేరు, చేతికొచ్చే జీతం, ఒక్కో లైనుకి ఒకరు చొప్పున. షెడ్యూలర్‌లో అవుట్‌పుట్ చూసే హక్కు ఉన్న ప్రతి ఒక్కరికీ అది కనపడుతుంది, నైట్ షిఫ్ట్‌లో ఉన్న ట్రైనీతో సహా. ఇంకో స్క్రిప్టు డేటాబేస్ పాస్‌వర్డ్‌ని కమాండ్ లైనులోనే పంపుతుంది, అదీ అవుట్‌పుట్‌లో పడుతుంది. కాబట్టి లాగ్ అందరికీ, అవుట్‌పుట్ మాత్రం ఆ అప్లికేషన్ వాళ్ళకే. పేరోల్ అవుట్‌పుట్ అయితే మా ఆపరేటర్లకి కూడా వద్దని చెప్పాను. ఫెయిల్ అయితే కోడ్ చూసి హెచ్‌ఆర్ సిస్టమ్స్ ఆన్‌కాల్‌ని (ఆ రాత్రి ఫోన్ ఎత్తాల్సిన మనిషిని) లేపడమే మా పని, చదవడం వాళ్ళ పని.

చేసే హక్కుల దగ్గర కాస్త ఆగి మాట్లాడాలి. హోల్డ్, రిలీజ్, రీరన్, కిల్, రన్ నౌ, కన్ఫర్మ్, సెట్ టు ఓకే. టూల్‌లో ఇవన్నీ పక్కపక్కన టిక్ బాక్సులు. పక్కపక్కన ఉన్నాయి కదా అని ఒకటే బరువు అనుకుంటారు.

హోల్డ్ చిన్నది, జాబు ఆగుతుంది, అంతే. రీరన్ మాత్రం జాబుని బట్టి. రిపోర్ట్ జాబు ఎన్నిసార్లు నడిపినా పోయేదేం లేదు, కొత్త రిపోర్ట్ వస్తుంది. సప్లయర్ పేమెంట్ ఫైల్‌ని బ్యాంకుకి పంపే జాబుని రెండోసారి నడిపితే? అవతల డూప్లికేట్ చెక్ సరిగ్గా లేకపోతే పాలవాడికి రెండుసార్లు డబ్బు పోతుంది. అందుకే మా రోల్స్‌లో రీరన్ హక్కు డిపార్ట్‌మెంట్‌ని బట్టి ఉండదు. మళ్ళీ నడిపినా ఫర్వాలేని జాబుల్ని ఒక సబ్-అప్లికేషన్‌లో పెట్టాం. దాని మీద ఆయా డిపార్ట్‌మెంట్ వాళ్ళకే రీరన్ ఇచ్చేశాం. మిగతావాటికి లేదు. ఏది ఎందులోకి వస్తుందో తేల్చడానికి ప్రతి జాబు రాసినవాళ్ళని పిలిచి అడగాల్సి వచ్చింది. అందులో సగంమంది కంపెనీ వదిలేసి వెళ్ళిపోయారు, ఆ కథ వేరు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది సెట్ టు ఓకే. ఫెయిల్ అయిన జాబుని అయిపోయినట్టు గుర్తు పెట్టేయడం. జాబు నిజంగా నడవదు. కానీ అది అయితే పడాల్సిన అవుట్ కండిషన్లు పడిపోతాయి, వెనక వరసలో ఉన్నవన్నీ నమ్మి బయల్దేరతాయి. ఫైనాన్స్ ధరల జాబుని ఓకే చేస్తే దెబ్బ ఫైనాన్స్‌కి తగలదు. నిన్నటి ధరల ఫైల్‌తో రీప్లెనిష్‌మెంట్ నడుస్తుంది, గోడౌన్‌లో తప్పుడు లిస్టు ప్రింట్ అవుతుంది. నొక్కిన డిపార్ట్‌మెంట్ ఒకటి, నష్టపోయేది ఇంకొకటి. డిపార్ట్‌మెంట్‌వారీ గోడ ఇక్కడ ఎందుకూ పనికిరాదు. తన జాబు మీద తనకి పూర్తి హక్కు ఉన్నా, పక్కవాడి ఇల్లు కూలగొట్టొచ్చు.

ఒక తెల్లవారుజామున మా షిఫ్ట్‌లో అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. కొత్తగా చేరింది, చురుకైనది.

"అక్కా, ఆ ధరల జాబు పడిపోయింది. సెట్ ఓకే చేసేయమంటున్నారు. చేసేయనా?"

"చేసేయమన్నది ఎవరమ్మా?"

"గోడౌన్ వాళ్ళు. లారీలు లేటవుతున్నాయంట."

"జాబు ఎవరిది?"

"ఫైనాన్స్‌ది."

"మరి గోడౌన్ వాళ్ళు చెబితే ఫైనాన్స్ జాబుని ఓకే ఎలా చేస్తాం? ఫైనాన్స్ ఆన్‌కాల్‌కి కొట్టు. ఎత్తకపోతే సెకండరీకి కొట్టు. మెయిల్ వచ్చాకే ముట్టుకో."

"వాళ్ళు అరుస్తారక్కా."

"అరవనీ. ఆ టెన్షన్ నాకు వదిలెయ్యి."

ఆ సంభాషణ తర్వాతే ఇది రూల్ అయింది. ఏ డిపార్ట్‌మెంట్‌కీ సెట్ టు ఓకే లేదు. ఆపరేటర్లకి ఉంది, అదీ జాబు సొంతదారు మెయిల్ ఉంటేనే. చేసేటప్పుడు టికెట్ నంబరు రాయాలి. కంట్రోల్-ఎంలో మార్పులు చేసేటప్పుడు కారణం రాయమని అడిగేలా పెట్టుకోవచ్చు, ఆ సౌకర్యం వాడుకోండి. "సరే", "ఓకే", "డన్" అని రాసేవాళ్ళు ఉంటారు, వాళ్ళతో విడిగా మాట్లాడాలి.

ఆటోసిస్ అనే ఇంకో షెడ్యూలర్‌లో పనిచేసేవాళ్ళు ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ హోల్డ్, ఐస్ అని రెండున్నాయి, కొత్తవాళ్ళు రెండూ ఒకటే అనుకుంటారు. హోల్డ్‌లో పెడితే వెనక జాబులూ ఆగుతాయి. ఐస్‌లో పెడితే ఈ జాబుని పక్కన పెట్టేసి, వెనకవి అది అయిపోయినట్టే భావించి నడిచిపోతాయి. అంటే ఐస్ చేసే హక్కు చాలావరకు సెట్ టు ఓకే లాంటిదే. "ఆపే హక్కు ఇచ్చాం, అంతేగా" అని రెండూ కలిపి ఇచ్చేయకండి.

కన్ఫర్మ్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, డిపార్ట్‌మెంట్‌కి ఏదైనా హక్కు ఇష్టంగా ఇచ్చానంటే అదే. జాబుకి వెయిట్ ఫర్ కన్ఫర్మేషన్ పెడితే, కండిషన్లన్నీ కుదిరినా ఒక మనిషి సరే అనేదాకా కదలదు. పేమెంట్ ఫైల్ జాబుకి అది పెట్టి, ఫైనాన్స్‌లో సంతకం చేసే స్థాయి ఉన్నవాళ్ళకి ఆ ఒక్క జాబు మీద కన్ఫర్మ్ మాత్రమే ఇచ్చాం. రీరన్ లేదు, కిల్ లేదు, మార్చడం అసలే లేదు. ఇంతకుముందు వాళ్ళు మాకు మెయిల్ పెడితే మేం నొక్కేవాళ్ళం. ఇప్పుడు వాళ్ళే నొక్కుతారు, ఎవరు ఎప్పుడు నొక్కారో లాగ్‌లో ఉంటుంది. ఆడిట్‌కి ఇది చూపిస్తే ముఖాలు వెలిగిపోతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. క్రాన్ గురించి చెబుతూ గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. కంట్రోల్-ఎంలో ప్రతి జాబుకీ రన్ యాజ్ అని ఒక ఫీల్డు ఉంటుంది. జాబు ఏ అకౌంట్ పేరు మీద నడవాలో అందులో రాస్తారు. యూనిక్స్ సర్వర్ మీద ఏజెంట్‌ని (అక్కడ జాబుల్ని నడిపే షెడ్యూలర్ ప్రోగ్రామ్‌ని) రూట్‌గా, అంటే అన్ని హక్కులూ ఉన్న అకౌంట్‌తో నడిపితే, ఆ ఫీల్డులో ఎవరి పేరు రాస్తే వాళ్ళ పేరు మీద జాబు నడిచేస్తుంది, పాస్‌వర్డ్ అడగదు. గోడౌన్ డెవలపర్‌కి తన ఫోల్డర్ మీద మాత్రమే అప్‌డేట్ హక్కు ఉందనుకోండి. ఫైనాన్స్ ఫోల్డర్ కనీసం తెరుచుకోదు. అతను తన ఫోల్డర్‌లోనే ఒక కొత్త జాబు రాసి, రన్ యాజ్‌లో ఫైనాన్స్ డేటాబేస్ అకౌంట్ పేరు వేస్తే? నడుస్తుంది. లెడ్జర్ ఫైళ్ళు చదువుతుంది, కావాలంటే తుడిచేస్తుంది కూడా. ఫోల్డర్‌కి వేసిన తాళాలన్నీ ఇంటికి తాళం వేసి చెవిని గుమ్మం పక్క గూట్లో పెట్టిన చందమే.

అందుకే ప్రతి రోల్‌లోనూ ఫోల్డర్ లిస్టు ఎంత ముఖ్యమో, ఏ అకౌంట్లని రన్ యాజ్‌లో వాడొచ్చన్న లిస్టు అంతకంటే ముఖ్యం. టూల్‌లో దానికి విడిగా ట్యాబ్ ఉంది. మా పాత రోల్స్ అన్నిట్లో అక్కడ ఒక స్టార్ ఉంది. ఒక్క స్టార్.

జెంకిన్స్ (సాఫ్ట్‌వేర్ బిల్డులు నడిపే టూల్) వాడేవాళ్ళు ఇది మాకు సంబంధం లేదు అనుకోకండి. అక్కడ రోల్-బేస్డ్ స్ట్రాటజీ ప్లగిన్ పెట్టి, ఫోల్డర్ పేర్లకి ప్యాటర్న్‌లు రాసి చక్కగా విడగొడతారు. కానీ బిల్డులు మామూలుగా సిస్టమ్ హోదాతో నడుస్తాయి, బటన్ నొక్కిన మనిషి హక్కులతో కాదు. జాబుని కాన్ఫిగర్ చేయగలిగినవాడు ఏజెంట్ మీద ఏ కమాండ్ అయినా నడపగలడు. ఆథరైజ్ ప్రాజెక్ట్ ప్లగిన్, ఫోల్డర్ స్థాయి క్రెడెన్షియల్స్, డిపార్ట్‌మెంట్‌కో ఏజెంట్ పెట్టుకోకపోతే అక్కడా కథ ఇదే.

స్టార్ తీసేయడం సులువు. తీసేశాక బయటపడేదే కష్టం. మా దగ్గర ఎన్నో ఏళ్ళుగా దాదాపు అన్ని జాబులూ ఒకే ఒక బ్యాచ్ అకౌంట్ పేరు మీద నడిచేవి. ఫైనాన్స్, గోడౌన్, హెచ్‌ఆర్ అందరిదీ అదే. అలాంటప్పుడు రన్ యాజ్ లిస్టు పెట్టి ఏం లాభం? అందరి లిస్టులోనూ అదే పేరు. అకౌంట్‌ని డిపార్ట్‌మెంట్ల వారీగా విడగొట్టాలి. ఈ మొత్తం పనిలో నెలలు మింగింది ఇదే. షెడ్యూలర్‌లో చేసింది చాలా తక్కువ.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఫైనాన్స్ ధరల జాబు ఒక ఫైల్ రాసి ల్యాండింగ్ డైరెక్టరీలో పెడుతుంది, రీప్లెనిష్‌మెంట్ జాబు దాన్ని చదువుతుంది. రెండూ ఒకే అకౌంట్ ఉన్నంతకాలం ఎవరికీ ఏ సమస్యా లేదు. ఫైనాన్స్‌కి కొత్త అకౌంట్ ఇచ్చాం, టెస్టులో నడిపాం. ఫైల్ ఉంది, సైజు ఉంది, కానీ రీప్లెనిష్‌మెంట్‌కి పర్మిషన్ డినైడ్. చూస్తే కొత్త అకౌంట్ ప్రొఫైల్‌లో యూమాస్క్ (కొత్త ఫైళ్ళ మీద ఎవరికి ఏ హక్కు ఉండకూడదో చెప్పే సంఖ్య) 077. అంటే ఆ అకౌంట్ రాసిన ఏ ఫైలైనా తనకి తప్ప ఎవరికీ తెరుచుకోదు. యునిక్స్ టీమ్ భద్రత కోసమే అలా పెట్టింది, వాళ్ళని అనడానికి లేదు. దాన్ని 027 చేసి, ఇద్దరూ సభ్యులుగా ఉండే ఒక గ్రూప్ సృష్టించి, డైరెక్టరీకి సెట్-జీఐడీ బిట్ పెట్టాం, కొత్త ఫైళ్ళన్నీ ఆ గ్రూప్‌కే వచ్చేలా. ఇప్పుడు ఫైనాన్స్ రాస్తుంది, రీప్లెనిష్‌మెంట్ చదువుతుంది, కానీ మార్చలేదు. ఇంతకుముందు మార్చగలిగేది! ఇలాంటివి ఒక్కో డైరెక్టరీకి ఒక్కోటి. సర్వర్లలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కీలు, డేటాబేస్ గ్రాంట్లు (హక్కులు), ఫైళ్ళు పంపే ఎస్‌ఎఫ్‌టీపీ అవతల నమోదైన పాత అకౌంట్ పేరు, అన్నీ కదిలాయి. ముందుగా పేరోల్‌ని వేరు చేశాం, దానికి బయటి లింకులు తక్కువ కాబట్టి. మీరూ లింకులు తక్కువున్న దాంతోనే మొదలుపెట్టండి.

కండిషన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. కంట్రోల్-ఎంలో ఒక జాబు అయ్యాక ఒక పేరు, ఒక తేదీతో కండిషన్ పడుతుంది, కొత్త వెర్షన్లలో ఈవెంట్ అంటారు. దాని కోసం కాచుకున్న జాబు కదులుతుంది. ఆ పేరుని ఫోల్డర్‌తో పనిలేకుండా చేత్తో కూడా వేయొచ్చు. అంటే ఫైనాన్స్ జాబుని ముట్టుకునే హక్కు లేనివాడు కూడా, కండిషన్ వేసే హక్కు ఉంటే, ఫైనాన్స్ అయిపోయిందని షెడ్యూలర్‌ని నమ్మించగలడు. కండిషన్ పేర్లకీ అండర్‌స్కోర్ రూల్ పెట్టి, ఎవరి అప్లికేషన్ పేరుతో మొదలయ్యేవి వాళ్ళకే ఇచ్చాం. డిపార్ట్‌మెంట్లు దాటేవాటి మీద ఆపరేటర్లకి తప్ప ఎవరికీ రాసే హక్కు లేదు.

ఆపరేటర్లు అంటే మేమే. ఆడిట్ మెయిల్ డిపార్ట్‌మెంట్ల గురించి అడుగుతుంది గానీ, అన్ని డిపార్ట్‌మెంట్ల మీదా చెయ్యి ఉన్నది మాకే. 2012 జూన్‌లో ఆర్‌బీఎస్ (రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్) బ్యాంకు సంగతి ఈ లైన్లో ఉన్నవాళ్ళందరికీ గుర్తుంటుంది. బ్యాచ్ షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేసి, తేడా వస్తే పరీక్షించకుండానే వెనక్కి తీశారు. బ్రిటన్‌లో కనీసం 65 లక్షల మంది కస్టమర్ల ఖాతాలకి ఇబ్బంది అయింది. 2014 నవంబర్‌లో అక్కడి నియంత్రణ సంస్థలు రెండూ కలిపి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. ఆ రోజుల్లో అక్కడి పత్రికల్లో హైదరాబాద్ పేరు కూడా నలిగింది. బ్యాంకు మాత్రం బయటి దేశాలతో సంబంధం లేదని చెప్పింది. అది పర్మిషన్ల గొడవ కాదు, నిజమే. కానీ షెడ్యూలర్‌కి దగ్గరగా కూర్చున్నవాళ్ళ చేతిలో ఎంత ఉందో చూపించింది. మా రోల్‌ని మేమే కుదించుకోవడానికి టీమ్‌ని ఒప్పించడం డిపార్ట్‌మెంట్లని ఒప్పించడం కంటే కష్టమైంది. చివరికి ఆపరేటర్ రోల్‌లో డెఫినిషన్ మార్చే హక్కు మొత్తం తీసేశాం. అర్ధరాత్రి తప్పనిసరైతే ఫైర్‌కాల్ ఐడీ ఉంది. టికెట్ పెడితే కొద్ది గంటల పాటు తెరుచుకుంటుంది, తర్వాత దానంతటదే మూసుకుంటుంది, పొద్దున మేనేజర్‌కి రిపోర్ట్ వెళ్తుంది. "అన్నీ చేసేవాళ్ళం, ఇప్పుడు గుమాస్తాలమైపోయాం" అని మా సీనియర్ అన్న ఒకాయన చాన్నాళ్ళు సణిగాడు. ఇప్పుడు సెలవులో ఉన్నప్పుడు ఫోన్లు రావట్లేదని ఆయనే సంతోషంగా ఉన్నాడు.

మనుషుల్ని రోల్స్‌కి నేరుగా కట్టకండి. కంట్రోల్-ఎంని, కంపెనీ ఉద్యోగుల లాగిన్లు ఉండే యాక్టివ్ డైరెక్టరీకి కలిపి, అక్కడి గ్రూప్‌ని ఇక్కడి రోల్‌కి ముడిపెట్టండి. ఉద్యోగం మానేసినవాళ్ళ సంగతి అప్పుడు దానంతటదే అవుతుంది. చిక్కు డిపార్ట్‌మెంట్ మారినవాళ్ళతో. కొత్త గ్రూప్ ఇమ్మని మొదటిరోజే టికెట్ పెడతారు, పాతది తీసేయమని ఎవరూ పెట్టరు. పేమెంట్స్ నుంచి గోడౌన్‌కి వెళ్ళినాయనకి రెండూ ఉంటాయి. మూడు నెలలకోసారి మేనేజర్లకి లిస్టు పంపితే చూడకుండా అన్నిటికీ టిక్ కొట్టి పంపుతారు. అందుకని మేం లిస్టు పంపడం మానేసి, రెండు డిపార్ట్‌మెంట్ల గ్రూపుల్లో ఒకేసారి ఉన్న పేర్లు మాత్రమే పంపుతున్నాం. పది పేర్లుంటే చదువుతారు, మూడొందలుంటే చదవరు.

టెస్టింగ్‌లో అందరూ చేసే పని, ఇచ్చిన హక్కు పనిచేస్తోందా అని చూడటం. అంతకంటే ముఖ్యం, ఇవ్వని హక్కు నిజంగా లేదా అని చూడటం. ప్రతి రోల్‌కీ ఒక డమ్మీ యూజర్ పెట్టుకుని, టెస్ట్ సర్వర్ మీద వాడితో పక్క డిపార్ట్‌మెంట్ జాబుని హోల్డ్ చేయించండి, పక్కవాళ్ళ అకౌంట్‌తో జాబు రాయించండి, పక్కవాళ్ళ కండిషన్ వేయించండి. ప్రతిదానికీ ఎర్రర్ రావాలి. రాని చోట కూర్చుని ఎందుకో తేల్చండి. ఒక యూజర్‌కి రెండు రోల్స్ ఉన్నప్పుడు రెండిటి హక్కులూ కలిసిపోతాయి కాబట్టి జంటలుగా కూడా పరీక్షించాలి.

ఇంత చేశాక కొత్త తలుపు ఒకటి తెరుచుకుంది. డెవలపర్లు ఇప్పుడు జాబుల్ని తెర మీద రాయట్లేదు. జేసన్ అనే రకం టెక్స్ట్ ఫైళ్ళుగా, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెడుతున్నారు. పైప్‌లైన్ (దానంతటదే నడిచే స్క్రిప్టుల వరస) వాటిని ఆటోమేషన్ ఏపీఐ ద్వారా కంట్రోల్-ఎంలోకి తోస్తుంది. తోసేది ఒక సర్వీస్ అకౌంట్. దానికి అన్ని ఫోల్డర్ల మీదా ఫుల్, రన్ యాజ్‌లో మళ్ళీ అదే స్టార్. అంటే గోడౌన్ డెవలపర్ రాసిన జేసన్‌ని ఎవరో చూడకుండా అప్రూవ్ చేస్తే, మేం ఇన్నాళ్ళూ కట్టినదంతా దాటుకుని లోపలికి వచ్చేస్తుంది. ఆ అకౌంట్‌ని రిపోకి (గిట్‌లో ఒక్కో ఫైళ్ళ గుంపుకి) ఒకటి చొప్పున విడగొట్టే టికెట్ ఇప్పుడు నా పేరు మీదే ఉంది. ఈసారీ పేరోల్‌తోనే మొదలుపెడుతున్నాం. ఫైనాన్స్ వాళ్ళు మాత్రం నెలాఖరు క్లోజింగ్ అయ్యేదాకా తమ పైప్‌లైన్‌ని ముట్టుకోవద్దన్నారు.